ఆడపడుచు కొట్టిన బంతి

లోకంలో ఆడపడుచులు వదినల్ని మాటలతో కొడతారని ప్రతీతి. ఈ కథలో ఆడపడుచు మాత్రం వాలీబాల్‌తో కొట్టింది. అదీ నెట్ అవతలి నుంచి ఎగిరి, ఒంట్లో ఉన్న బలమంతా చేతిలోకి తెచ్చుకుని. బంతి నేరుగా వచ్చి వదిన కణతకి తగిలింది. వదిన ఉన్నచోటే నేలమీద కూలబడి, "సర్వీస్ ఎవరిది?" అని అడిగింది. ఎవరిదో చెప్పారు. మళ్లీ అదే అడిగింది. ఇంకోసారి కూడా అదే అడిగేసరికి ఆట నేర్పే మాస్టారు విజిల్ జేబులో పడేసుకుని కారు తాళాల కోసం వెతుక్కున్నారు.

ఆ వదినని జట్టులో అందరూ పోలీసు అంటారు. అలాగని ఆమె ఏ స్టేషన్‌లోనూ పనిచేయదు, జట్టుకి సెట్టర్. వాలీబాల్‌లో అవతలివాళ్లు పంపిన బంతిని ఒకరు లేపుతారు, ఒకరు ఎగిరి కొడతారు. ఆ ఇద్దరి మధ్యా బంతిని కొట్టేవాళ్లకి అందించే మనిషి సెట్టర్. బంతి గాల్లో ఉన్న ఆ కాస్తసేపట్లోనే ఆమె దాని కిందికి పరిగెత్తాలి. నెట్ అవతల అడ్డుకోవడానికి ఎవరు ఎటు జరుగుతున్నారో ఓరకంట చూడాలి. తనవాళ్లలో ఎవరికి ఊపిరి మిగిలిందో, ఎవరు పోయినసారి తప్పు కొట్టి బిక్కమొహం వేసుకున్నారో గుర్తుంచుకోవాలి. ఎవరికివ్వాలో తేల్చుకోవాలి, తేల్చుకున్నది మొహంలో కనపడనివ్వకూడదు. మన పోలీసు ఇవన్నీ చేస్తూ, పైగా నోటితో అందరినీ అదిలిస్తూ ఉండేది. నాలుగు రోడ్ల కూడలిలో చేతులూ నోరూ కలిపి ఆడించే మనిషిలా కనపడేది గనక ఆ పేరు ఖాయమైపోయింది. ఆమెకీ అది ఇష్టమే, ఇష్టం లేనట్టు మొహం పెట్టేదంతే.

బంతి కొట్టిన పిల్ల ఆమె మొగుడి చెల్లెలు. ఒకే జట్టు, ఒకే ఇల్లు, ఒకే బాత్రూమ్. జట్టులో ఎడమవైపు నుంచి ఎగిరి కొట్టడం ఆ పిల్ల పని, ఆ పని బాగా చేస్తుంది కూడా. అయితే ఆ రోజు పొద్దున్నే ఇంట్లో వదినా ఆడపడుచులకి గట్టిగా మాటామాటా అయింది. కీలకమైన పాయింట్లప్పుడు వదిన తనకి బంతి ఇవ్వడం లేదని ఆడపడుచు బాధ. నా మీద నీకు నమ్మకం లేదు, పరాయివాళ్లకిచ్చిన విలువ కూడా ఇంటి మనిషికివ్వవు అంది. వదిన చెప్పులేసుకుంటూ, ఎవరికివ్వాలో నాకు తెలుసులే అని తీసిపారేసింది. అక్కడితో ఆ మాట తెగిపోయింది. సాయంత్రం ప్రాక్టీసులో మాస్టారు ఇద్దరినీ చెరోవైపు ఆడించారు, బంతి వచ్చి తగిలింది.

జట్టంతా దాన్ని జోకు చేసేసింది. ఆడపడుచు కసి అంటే ఇదీ అన్నారు, అత్తగారే నేర్పించి పంపిందన్నారు. ఆడపడుచు ఒక్క జోకుకీ నవ్వలేదు. ఆస్పత్రిలో గోడవైపు తిరిగి ఏడ్చింది. ఇంటికొచ్చాక వదినకి మంచినీళ్లు ఇవ్వడం, దుప్పటి కప్పడం, కిటికీ తెర వేయడం అన్నీ తనే చేసింది. చేసినంతసేపూ కళ్లెత్తి చూడలేదు.

పోలీసుకి ఇంకో బాధ ఉంది, దాన్ని ఎవరికీ చెప్పలేదు. నేలమీద కూలబడిన ఆ మొదటి నిమిషంలో, సర్వీస్ ఎవరిదో కూడా తెలియని ఆ నిమిషంలో, ఒక పాడు ఆలోచన మాత్రం స్పష్టంగా వచ్చింది: కావాలనే కొట్టిందా? వచ్చినంత వేగంగానూ పోయింది. కానీ తన చేతుల మీద పెరిగినట్టు పెరిగిన పిల్ల గురించి అలా అనుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది. ఆ సిగ్గు తలనొప్పి తగ్గాక కూడా తగ్గలేదు.

తలనొప్పి తగ్గింది. వెలుతురు చూడలేకపోవడం తగ్గింది. మెల్లగా నడిచింది, తర్వాత మెల్లగా పరిగెత్తింది. టోర్నమెంట్ ఫైనల్ దగ్గరపడుతోంది. దెబ్బకి మెదడు అదిరింది గనక, ఆడాలంటే ఆస్పత్రి డాక్టరమ్మ సరేననాలి. డాక్టరమ్మ కళ్లజోడు తాడుకే స్టాప్‌వాచ్ కూడా కట్టుకుని తిరిగే మనిషి, సరే అనే మాట ఆవిడ నోట్లోంచి అంత తేలిగ్గా రాదు.

ఆవిడ గది బయట పొడవాటి వరండాలో నేలమీద పసుపు టేపు అతికించి ఉంటుంది. మొదట కుర్చీలో కూర్చోబెట్టి పదాలు చెప్పి తిరిగి చెప్పించారు, నెలల పేర్లు వెనక్కి అప్పజెప్పించారు. పోలీసు తడుముకోలేదు. తర్వాత టేపు మీద ఒక కాలి మడమని రెండో కాలి వేళ్లకి ఆనించుకుంటూ నడవమన్నారు. చక్కగా నడిచింది. ఆ తర్వాత, ఇప్పుడు రెండూ కలిపి చేయండి అన్నారు: నడుస్తూ వంద నుంచి ఏడేసి తీసేస్తూ రావాలి.

తొంభై మూడు అంది, ఒక అడుగు వేసింది. ఎనభై ఆరు అంది, అడుగు ఆగిపోయింది. అడుగు వేద్దామని కాళ్లవైపు చూసింది, అంకె జారిపోయింది. అంకె పట్టుకుంది, కాలు పక్కకి పడింది. ఒక్కొక్కటిగా బుద్ధిగా ఉన్న రెండు పనులూ కలిసేసరికి చంటిపిల్లల్లా ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలుపెట్టాయి. వరండా చివరికి చేరేసరికి ఆమె వీపంతా చెమట.

డాక్టరమ్మ తిట్టలేదు, ఓదార్చలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని విషయం చెప్పారు.

"మాలాంటివాళ్లకి ఒంటికాలి మీద నిలబడటమే ఒక పని. మీకు అది పనే కాదు, ఒళ్లు దానంతటదే చూసుకుంటుంది. అందుకే మీ తలలో చోటు మిగులుతుంది. మీ ఆటంతా ఆ మిగిలిన చోటులోనే ఉంది. ఇప్పుడు ఒంటిని కూడా తలే చూసుకోవాల్సి వస్తోంది, అందుకే ఇరుకైపోయింది. ఈ స్థితిలో కోర్టులోకి పంపితే బంతి మీ దగ్గరికి వచ్చాక మీరు చూస్తారు. ఈసారి ఇంకా గట్టిగా తగులుతుంది."

వారం తర్వాత రమ్మన్నారు. ఈలోగా ఏం చేయాలని పోలీసు అడిగితే, మామూలుగా ఉండండి అన్నారు. మామూలుగా ఉండమంటే ఎలా ఉండాలో ఆటగాళ్లకి ఎవరూ నేర్పరు.

ఆ రోజు నుంచి ఆమె తనని తానే కాపలా కాయడం మొదలుపెట్టింది. మెట్లెక్కుతుంటే వెనకనుంచి అత్తగారు, తాళం నీ దగ్గరుందా అని అడిగారు. సమాధానం చెప్పడానికి ఆగిపోయింది. చెప్పాక మళ్లీ ఎక్కింది. ఇంతకుముందు కూడా ఇలా ఆగేదాన్నా, ఇప్పుడే ఆగుతున్నానా అన్నది ఆమెకే తెలియలేదు. ఫైనల్ పోతే పోయింది, ఈ తల ఇక ఇంతేనా అన్నది అసలు భయం.

భయమేస్తే మామూలు మనుషులు మంచమెక్కుతారు. ఆటగాళ్లు ప్రాక్టీసుకెక్కుతారు. ఎడమచేయి బలహీనమంటే ఎడమచేత్తోనే రోజంతా గోడకి బంతి కొట్టి పెరిగిన మనిషి ఆమె. ఏడేసి తీసేస్తూ నడవడం రాలేదు గనక అదే సాధన చేస్తే సరిపోతుందనుకుంది. ఇంట్లో నడవాలో టేపు వెలిసింది.

అత్తగారు లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో ఎవరూ తన దగ్గర లెక్కలు చెప్పించుకోవడం లేదని ఆవిడకి లోలోపల దిగులు. కోడలు వచ్చి, అత్తయ్యా నాకు తీసివేతలు చెప్పండి అనేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. నడవా చివర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఏడేసి వచ్చేశాక ఎనిమిదేసి, ఆ తర్వాత పదమూడేసి. వందతో మొదలుపెట్టడం చాతకానివాళ్ల పని అని నూట తొంభై ఒకటి దగ్గర్నుంచి తీయించారు. ఆడపడుచు పక్కనే నడుస్తూ అడుగు పక్కకి పడితే పట్టుకునేది, అంకె తప్పితే సరిచేసేది. వదిన మొహంలోకి చూడకుండా చేయగలిగిన సాయం గనక మరీ శ్రద్ధగా చేసింది.

ఇంటాయన దంతాల ల్యాబులో పళ్లసెట్లు చేస్తాడు. ఊళ్లోవాళ్ల నోళ్లు బాగుచేసే మనిషి, భార్యకీ చెల్లెలికీ మధ్య మాత్రం తన నోరు తెరిచేవాడు కాదు. ఆయన కూడా వారం తిరిగేసరికి బ్రష్షు చేసుకుంటూ డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు అని గొణగడం మొదలుపెట్టాడు. కూరలు తరుగుతూ తీసివేతలు, బట్టలారేస్తూ తీసివేతలు. పక్క ఫ్లాటావిడ వచ్చి, మీ ఇంట్లో ఎవరైనా పరీక్షకి కూర్చుంటున్నారా అని అడిగింది. ఔనన్నారు.

రెండోసారి పోలీసు డాక్టరమ్మ వరండాలో ఊరేగింపులా నడిచింది. అంకెలు నోట్లోంచి గలగలా రాలాయి. అడుగు చెదరలేదు. ఆ చివరికి పోయి, చెప్పకుండానే వెనక్కి తిరిగి, మిగిలినవి కూడా చెప్పేసింది. గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచు చప్పట్లు కొట్టబోయి ఆగింది, డాక్టరమ్మ చప్పట్లు కొట్టే మొహంతో లేరు.

ఇంకో అంకెతో మొదలుపెట్టమన్నారు. అదీ వచ్చింది. ఎనిమిదేసి తీయమన్నారు. అదీ వచ్చింది. కుర్చీలో కూర్చుని చెప్పమంటే నడుస్తూ చెప్పినదానికన్నా నెమ్మదిగా వచ్చింది. నడవకుండా ఎప్పుడూ సాధన చేయలేదు మరి. డాక్టరమ్మ స్టాప్‌వాచ్ వదిలేసి, ఇంట్లో ప్రాక్టీస్ చేశారా అని అడిగారు. పోలీసు గర్వంగా ఔనంది. రోజుకి ఎంతసేపు చేసిందో, అత్తగారు పదమూడేసి కూడా ఎలా తీయించారో వివరంగా చెప్పుకొచ్చింది. చెబుతూ చెబుతూ ఆవిడ మొహం చూసి ఆగింది.

"మీ కాళ్లకి టేపు ఎలా అలవాటో, మీ నోటికి ఇప్పుడు ఈ అంకెలు అలా అలవాటయ్యాయి," అన్నారు డాక్టరమ్మ. "ఇందులో తల చేయాల్సిన పనే లేదు. మీరు బాగున్నారేమో, బాగాలేరేమో. నాకు తెలుసుకునే దారి లేకుండా చేశారు. మీకూ లేకుండా చేసుకున్నారు."

పప్పులో కాలేయడమంటే ఇదే. వారమంతా కష్టపడి, పోలీసు తన తల బాగుందో లేదో చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షికి తనే అబద్ధపు సాక్ష్యం నేర్పించుకుంది. తేలిక పనయ్యుంటే చేసేది కాదు, కష్టపడి చేయాల్సిన పని గనక చేసింది. ఆడపడుచు బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని మొహం దాచుకుంది. అత్తగారికి ఫోన్లో సంగతి చెప్పారు. ఆవిడ, పదమూడేసి తీయించి ఉండాల్సింది కాదమ్మాయ్ అన్నారు చిన్న గొంతుతో.

డాక్టరమ్మ ఆ సాయంత్రం మాస్టారికి ఫోన్ చేశారు. మర్నాడు పొద్దున హాల్లో పరీక్ష పెడతానన్నారు. ప్రాక్టీస్ చేయడానికి వీల్లేని పరీక్ష అని, ఏమిటో ముందు చెప్పనని కూడా అన్నారు. పోలీసు ఆ రాత్రి పడుకునే ముందు నడవాలోని టేపు గోళ్లతో పీకేసింది.

పొద్దున హాలు ఖాళీగా ఉంది. కిటికీల్లోంచి పడ్డ ఎండ నెట్ నీడని నేలమీద గళ్లుగళ్లుగా పరిచింది. డాక్టరమ్మ చెప్పులు విప్పి కోర్టు గీత బయట నిలబడి ఏర్పాట్లు చెప్పారు. మాస్టారు బంతులు విసురుతారు, ఎటు పడితే అటు. పోలీసు వాటి కిందికి వెళ్లి కొట్టేవాళ్లకి అందించాలి. ఎడమవైపు ఆడపడుచు, కుడివైపు అందరూ నిచ్చెన అని పిలిచే పొడుగుపిల్ల. నెట్ అవతల మరో ఇద్దరు చేతులెత్తి అడ్డుకునేవాళ్లలా నిలబడతారు, ఏ క్షణానైనా ఒకవైపుకి జరుగుతారు. వాళ్లు లేని వైపుకే బంతి పంపాలి. అవతలివాళ్లు బంతి తిరిగి కొట్టకూడదు, తలకి ప్రమాదం ఉండకూడదు. ఇంతవరకూ రోజూ చేసే పనే. ఇవన్నీ జరుగుతుండగా ఎవరో ఒకరు ఆమెని ప్రశ్నలడుగుతూ ఉంటారు, ఆమె నిజం చెబుతూ ఉండాలి. ఆట ఆగకూడదు, సమాధానం ఆగకూడదు.

మొదట డాక్టరమ్మే అడిగారు. మీ ఇంట్లో కిటికీలెన్ని, మీ మొదటి బూట్ల రంగేమిటి. పోలీసు చెప్పింది. కానీ అవి నిజమో కాదో చూసే దారి డాక్టరమ్మకి లేదు. నలుపంటే నలుపే అనుకోవాలి. ఆవిడ ఆట ఆపించి, ఈమె సంగతులన్నీ తెలిసినవాళ్లు ఇక్కడెవరు అని అడిగారు. నిచ్చెన వేలు ఆడపడుచు వైపు చూపించింది.

ఆడపడుచు తల అడ్డంగా ఊపింది. దెబ్బ కొట్టిన మనిషే పరీక్ష కూడా పెట్టడమేంటని నీళ్లు నమిలింది. డాక్టరమ్మ వినలేదు. బంతి నీ దగ్గరికొస్తే కొట్టు, రాకపోతే అడుగు, అబద్ధం చెబితే పట్టుకో అన్నారు.

బంతి లేచింది.

"ఎదురింటివాళ్ల తలుపు రంగు?" అంది ఆడపడుచు.

పోలీసు ఆకుపచ్చ అనబోయి, కాదు పోయిన నెల నీలం వేశారంది. బంతి కుడివైపు వెళ్లింది, నిచ్చెన కొట్టింది. నిన్న అన్నయ్య దేనికి తిట్లు తిన్నాడంటే, తడి తువ్వాలు మంచం మీద పడేసినందుకు. మాస్టారు కావాలని వెనక్కి విసిరారు, పోలీసు మూడంగల్లో అక్కడుంది. అమ్మ ఎవరితో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడుతుందంటే, పాత హెడ్‌మిస్ట్రెస్‌తో, అదీ తిట్టుకోవడానికే. అవతలి ఇద్దరూ ఎడమకి జరగబోయి కుడికి దూకారు. బంతి ఎడమకే వెళ్లింది.

ఆడపడుచు ఎగిరి దాన్ని తోసింది. కొట్టలేదు, తోసింది. ఆ రోజు నుంచి ఆమె బంతిని అలాగే ముట్టుకుంటోంది, వేడి గిన్నె మూత తీస్తున్నట్టు. మాస్టారు పళ్లు నూరారు గానీ ఏమీ అనలేదు.

ప్రశ్నలు అయిపోయాయి. ఆ పిల్లకి ఇంకేం తోచలేదు. డాక్టరమ్మ, అడుగు అడుగు అని తొందర పెడుతున్నారు. మాస్టారి చేతిలోంచి ఇంకో బంతి వెళ్లింది.

"నాకు బంతి ఎందుకివ్వవు వదినా?"

పోలీసు బంతి వైపే చూస్తోంది. కాళ్లు వాటంతటవే దాని కిందికి పోతున్నాయి. "భయం," అంది. "నువ్వు తప్పు కొడితే, ఇంటి మనిషని ఇచ్చిందంటారని." బంతి కుడివైపు వెళ్లింది.

"అంటే నా మీద నమ్మకం లేకా?"

"నువ్వు అందరికన్నా బాగా కొడతావు. అది నాకు తెలుసు." మళ్లీ కుడివైపే, అవతలివాళ్లు ఎడమవైపు కాచుకుని ఉన్నారు. నిచ్చెన కొట్టింది గానీ చూపు బంతి మీద లేదు. హాల్లో ఎవరి చూపూ బంతి మీద లేదు, పోలీసుది తప్ప.

ఇంకో బంతి. ఆడపడుచు అడుగు ముందుకేసింది, మొహం పాలిపోయింది. ఇన్నాళ్లూ దుప్పటి కప్పుతూ, నీళ్లిస్తూ, నడవాలో పక్కన నడుస్తూ దాచుకున్నది నోట్లోంచి వచ్చేసింది.

"ఆ రోజు నేను కావాలనే కొట్టాననుకున్నావా?"

కూర్చుని ఉంటే పోలీసు, ఛ ఛ అదేం మాట అనేది. మంచంలో పడుకుని ఉంటే కళ్లు మూసుకుని నిద్ర నటించేది. ఇప్పుడు బంతి దిగుతోంది. అవతల ఇద్దరూ ఎటు జరుగుతారో తెలియదు, రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. అబద్ధం అల్లడానికి ఎక్కడా ఖాళీ లేదు. నిజం ఒకటే చేతికందేంత దగ్గరలో ఉంది.

"ఒక్క నిమిషం అనుకున్నాను," అంది.

బంతి ఆమె వేళ్ల మీంచి లేచింది. కాస్త కిందుగా వెళ్లిందది, మాస్టారు తర్వాత ఎన్నోసార్లు ఎత్తిచూపారు కూడా, కానీ వెళ్లాల్సిన వైపుకే వెళ్లింది. అవతలివాళ్లు కుడివైపున ఉన్నారు, ఎడమవైపు బార్లా తెరిచి ఉంది. "తర్వాత సిగ్గుపడ్డాను," అంది పోలీసు, తర్వాతి బంతికి చోటు చూసుకుంటూ. "ఇప్పటికీ పడుతున్నాను."

ఆడపడుచు ఎగిరింది. ఈసారి తోయలేదు. ఆ దెబ్బ చప్పుడుకి హాలు పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి, డాక్టరమ్మ చేయి తనకు తెలియకుండానే తన తల మీదికి వెళ్లింది. బంతి అవతలి మూల నేలని తాకి గోడకి కొట్టుకుని తిరిగి సగం దాకా దొర్లుకుంటూ వచ్చింది. దాని దారిలో ఈసారి ఎవరి తలా లేదు.

కిందికి దిగిన ఆడపడుచు అక్కడే నిలబడి భోరుమంది. మాస్టారు ఇంకో బంతి విసరబోయి, డాక్టరమ్మ వైపు చూసి ఆగారు. ఆవిడ స్టాప్‌వాచ్ ఎప్పుడు ఆపారో ఆవిడకే గుర్తులేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, చెమటకేనని తర్వాత అన్నారు.

"ఆ ప్రశ్న నన్నడిగి ఉంటే నేను నిలబడ్డచోటే పడిపోయేదాన్ని," అన్నారు. "మీ చేతులు ఆగలేదు. కళ్లు అవతలివాళ్లని వదల్లేదు. సమాధానం కూడా నిజమేనని ఈ అమ్మాయి ఏడుపు చెబుతోంది. ఆడుకోండి. ఫైనల్‌కి నా అభ్యంతరం లేదు."

పోలీసుకి మొదట అర్థం కాలేదు. ఆడొచ్చా అని అడిగింది. ఆడొచ్చన్నారు. తల బాగుందా అని అడిగింది. బాగుందన్నారు. ఇంకోసారి అడగబోయి, అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగితే ఆవిడ మనసు మార్చుకుంటారేమోనని భయపడి నోరు మూసుకుంది. ఇన్ని రోజులుగా మెడ మీద మోస్తున్న బరువేదో ఒక్కసారిగా దిగిపోయింది. ఎంత తేలికైందంటే కూర్చోకపోతే పడిపోతానేమో అనిపించింది. నేలమీదే కూర్చుంది. దెబ్బ తగిలిన రోజు కూర్చున్నది కూడా ఈ నేలమీదే, కానీ ఈసారి ఆమెకి అన్నీ తెలుస్తున్నాయి, ఎండ ఎక్కడ పడుతోందో, ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు అత్తగారికి ఫోన్ చేస్తున్నారో.

ఆడపడుచు వచ్చి పక్కన కూలబడింది. ముక్కు జెర్సీకి తుడుచుకుంది. ఇన్నాళ్ల తర్వాత వదిన మొహంలోకి సూటిగా చూసింది.

"నిజంగా ఒక్క నిమిషమేనా?"

"ఒక్క నిమిషమే."

"నేనైతే వారం రోజులు అనుకునేదాన్ని," అంది ఆడపడుచు.

పోలీసుకి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆడపడుచు కూడా ఏడుపు మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టి, రెండూ ఒకేసారి చేయలేక ఎక్కిళ్లు తెచ్చుకుంది. వదిన లేచి మంచినీళ్ల సీసా తెచ్చి ఆమె నోటికందించింది.